మీకు తెలుసా? కిడ్నీలో ఎలుగుబంటి అడుగు

కిడ్నీలో గడ్డ అనగానే గుండె జారిపోతుంది. కానీ క్యాన్సర్ వేషం వేసుకుని వచ్చే వాపులూ కొన్ని ఉన్నాయి. అవి అరుదు. వాటిని పోల్చుకోవడం రేడియాలజిస్టులకూ పరీక్షే.

● సీటీ స్కాన్‌లో కొన్ని కిడ్నీలు అచ్చం ఎలుగుబంటి అడుగుజాడలా కనిపిస్తాయి. డాక్టర్లు ఆ గుర్తును పిలిచేదీ ఎలుగు పంజా పేరుతోనే! జబ్బు పేరు మాత్రం నోరు తిరగనిది: జాంథోగ్రాన్యులోమాటస్ పైలోనెఫ్రైటిస్. మూత్రం దారికి రాయి అడ్డం పడి, దాని వెనక ఇన్ఫెక్షన్ చాలాకాలం ముదిరితే కిడ్నీ ఉబ్బి, పనిచేయడం మానేస్తుంది. చీము నిండిన గదులు నల్లగా, గుండ్రంగా పంజా మెత్తల్లా పడతాయి. మధ్యవయసు మహిళల్లో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ.

● పంజా మధ్యలో తరచూ ఇంకో జంతువు గుర్తు కూడా ఉంటుంది. కొమ్మలు కొమ్మలుగా పెరిగిన ఆ రాయిని జింక కొమ్ము రాయి అంటారు. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. దాంతో మూత్రం క్షారగుణానికి తిరిగి, రాయి వేగంగా పెరుగుతుంది.

● గ్రీకులో ‘జాంథోస్’ అంటే పసుపు. చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలు కొవ్వును తిని తిని నురగలా ఉబ్బడంతో ఈ కిడ్నీని కోస్తే లోపల పసుపుపచ్చగా ఉంటుంది. చిక్కేమిటంటే, కిడ్నీలో ఎక్కువగా వచ్చే క్లియర్ సెల్ క్యాన్సరూ పసుపు రంగులోనే ఉంటుంది. కాబట్టి కంటితో చూసినా పొరబడే వీలుంది. మైక్రోస్కోపు కింద ప్రత్యేకమైన రంగులు వేసి కణాల గుట్టు తేల్చాల్సిందే.

● సీటీ బొమ్మలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు దాదాపు మైనస్ 100. సీటీ యంత్రం రూపొందించి 1979లో నోబెల్ పంచుకున్న హౌన్స్‌ఫీల్డ్ పేరే ఈ కొలతకు పెట్టారు. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించాక పంజా గదుల గోడలు మెరుస్తాయి, నడిమి భాగం మెరవదు. అక్కడున్నది చీమే తప్ప రక్తనాళాలున్న కండ కాదు కదా! అయితే జబ్బు కిడ్నీలో ఒక మూలకే పరిమితమైతే ఈ ఆనవాళ్లూ తడబడతాయి. లోపల కుళ్లిన క్యాన్సర్ కూడా ఇలాగే కనిపించవచ్చు.

● బయోకెమిస్ట్రీ విద్యార్థులను వేధించే మైఖేలిస్–మెంటెన్ సూత్రం 1913 నాటిది. ఆ మైఖేలిస్సే అంతకు 11 ఏళ్ల ముందు, 1902లో, గుట్‌మన్‌తో కలిసి మలకోప్లేకియా అనే జబ్బును వర్ణించాడు. ఇందులో కణాలు బ్యాక్టీరియాను మింగుతాయి కానీ అరిగించుకోలేవు. మిగిలిపోయిన ముద్ద మీద కాల్షియం, ఇనుము పేరుకుని గుండ్రటి బిళ్లలవుతాయి. ఇది కిడ్నీకి వస్తే స్కాన్‌లో గడ్డలాగే కనిపిస్తుంది. ఆ బిళ్లలు మాత్రం బయాప్సీలోనే దొరుకుతాయి. దొరికాయంటే, కణాల లోపలికి చొరబడే యాంటీబయాటిక్‌లు ఉన్నాయి.

● క్లోమగ్రంథి వాపు ఉన్న కొందరి రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ బాగా పెరిగి ఉంటుందని 2001లో జపాన్ పరిశోధకులు గమనించారు. అదే జబ్బు కిడ్నీలకూ వస్తుందని తర్వాత తేలింది. రెండు కిడ్నీల్లోనూ, ఒకటి కాదు, చాలా చోట్ల, కాంట్రాస్ట్ అంతగా పీల్చని మచ్చలు కనిపిస్తే అనుమానం అటు వెళ్లాలి. రక్తపరీక్ష, బయాప్సీ దాన్ని నిర్ధారిస్తే స్టెరాయిడ్ మాత్రలతోనే ఆ గడ్డలు చాలావరకు కరుగుతాయి. కోతా లేదు, కిడ్నీ పోవడమూ లేదు. సరైన సమయంలో ఒకరికి ఆ అనుమానం రావాలి, అంతే.