చిన్న పీసీకి వాటర్ కూలింగా? ఆర్డర్ పెట్టే ముందు టేప్ తీయండి

మినీ ఐటీఎక్స్ బిల్డ్ అంటే నాకు పిచ్చి. 170 x 170 మిల్లీమీటర్ల మదర్‌బోర్డు, దాని చుట్టూ 18 లీటర్ల కేసు. పండక్కి ఊరెళ్తూ బ్యాగులో పెట్టేసుకోవచ్చు. కానీ మొదటి బిల్డ్‌లోనే కూలర్ దగ్గర బోల్తా పడ్డాను.

కేసు స్పెసిఫికేషన్స్‌లో '240 రేడియేటర్ సపోర్ట్' అని చూసి, 240 ఆల్ ఇన్ వన్ లిక్విడ్ కూలర్, అదే ఏఐఓ, ఆర్డర్ పెట్టేశా. తీరా బిగిద్దామంటే ఫ్యాన్లు వెళ్లి ర్యామ్‌కి తగిలాయి. ఒక్క స్క్రూ కూడా పడలేదు. బాక్స్ ఓపెన్ చేశారు కాబట్టి రిటర్న్ కుదరదన్నారు. మీకు అలా జరక్కూడదనే ఇది రాస్తున్నా.

240 అంటే ఏంటి?

అది రెండు 120 ఎంఎం ఫ్యాన్ల లెక్క మాత్రమే. రేడియేటర్ అసలు పొడవు సుమారు 275 ఎంఎం ఉంటుంది. మందం సాధారణంగా 27 ఎంఎం. దానికి ఫ్యాన్ 25 ఎంఎం కలిపితే మొత్తం 52. నేను మర్చిపోయింది ఈ కూడికే! చివరికి 15 ఎంఎం స్లిమ్ ఫ్యాన్లు విడిగా కొని, 42కి దించి బిగించా. ఫ్యాన్లకి అదనపు ఖర్చు, పైగా గాలి కాస్త తక్కువ. అందుకే ర్యామ్ ఎత్తు, గ్రాఫిక్స్ కార్డు పొడవు, ట్యూబులు వంగడానికి చోటు, మూడూ ముందే కొలవండి.

నీళ్లుంటే చల్లగా ఉంటుందా?

ఏఐఓ ఫ్రిజ్ కాదు. ప్రాసెసర్ వేడిని పంపు ద్వారా రేడియేటర్‌కి మోసుకెళ్లి గదిలోకి వదులుతుంది, అంతే. గది ఉష్ణోగ్రత కంటే కిందకి దించలేదు. ఏసీ గదిలో 25 డిగ్రీలప్పుడు ప్రాసెసర్ 75 చూపిస్తే, మే నెలలో ఏసీ లేని గదిలో 38 ఉన్నప్పుడు అదే లోడ్‌కి దాదాపు 88 చూపిస్తుంది. కాబట్టి విదేశీ రివ్యూల్లో నంబర్లు చూసేటప్పుడు వాళ్ల గది ఎంత చల్లగా ఉందో కూడా చూడండి.

పంపు ఎక్కడుండాలి?

ట్యూబుల్లోంచి కూలెంట్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఖాళీలో గాలి చేరి, లూప్‌లో అన్నిటికంటే పైనున్న చోటుకి పోతుంది. అక్కడ పంపు ఉంటే గుడగుడ శబ్దం వస్తుంది, పంపు త్వరగా పాడవుతుంది. రేడియేటర్ పైభాగం ఎప్పుడూ పంపు కంటే ఎత్తులో ఉండాలి. రేడియేటర్‌ని కేసు అడుగున మాత్రం పెట్టకండి.

అసలు మీకు అవసరమా?

రైజెన్ 7 7700 లాంటి 65 వాట్ల చిప్ అయితే మంచి ఎయిర్ కూలర్ చాలు. ఫ్యాన్ పోతే ఫ్యాన్ మార్చుకుంటాం. ఏఐఓలో పంపు పోతే దాదాపు కూలర్ మొత్తం మార్చాల్సిందే. 7700ఎక్స్ లాంటిది ఉన్నా, బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెడితే పవర్ లిమిట్ 142 వాట్ల నుంచి 88కి దిగుతుంది. గేమింగ్‌లో తేడా పెద్దగా తెలీదు. పైసా ఖర్చు లేదు, ముందు ఇది ట్రై చేయండి.

గంటల తరబడి వీడియో రెండరింగో, పెద్ద కోడ్ కంపైలింగో చేస్తుంటే, పైగా కేసులో పొడవాటి ఎయిర్ కూలర్‌కి ఎత్తు లేకపోతే, అప్పుడు 240 ఏఐఓ తీసుకోండి. 120 ఎంఎం ఏఐఓ జోలికి మాత్రం వెళ్లకండి. ఆ డబ్బుకి మంచి ఎయిర్ కూలరే వస్తుంది.

ఇప్పుడు నా పీసీ బాగానే ఉంది. కానీ నా రోజువారీ పనికి ఎయిర్ కూలర్ సరిపోయేదని తెలిసింది స్లిమ్ ఫ్యాన్లు కొన్నాకే. మీరు కార్ట్‌లో వేసే ముందే తెలుసుకోండి.