తడబాటుకు బాధ్యులెవరు? ఆటగాడా, శిక్షకుడా?

ఒక ఫలితానికి కారణం వ్యక్తిలో ఉందా, అతని పరిస్థితిలో ఉందా అని మనం నిర్ణయించుకునే ప్రక్రియను మనోవిజ్ఞాన శాస్త్రంలో ‘కారణ ఆపాదన’ అంటారు. 1958లో ఫ్రిట్జ్ హైడర్ ఈ భావనకు పునాది వేశాడు. అమెరికా కళాశాల ఫుట్‌బాల్ నుంచి ఒక ఉదాహరణ తీసుకొని దీనిని పరిశీలిద్దాం.

ఆట స్వరూపం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని ఎక్కువగా చేతులతోనే ఆడతారు. ఒక్కో జట్టు నుంచి 11 మంది మైదానంలో ఉంటారు. బంతిని విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అని క్షణాల్లో తేల్చుకోవలసినవాడు క్వార్టర్‌బ్యాక్. ఎత్తుగడను సాధారణంగా శిక్షకులు ఎంచుతారు. ప్రత్యర్థులను ముందు వరుసవారు అడ్డుకోవాలి, బంతిని రిసీవర్లు పట్టాలి. అయినా బంతి గురి తప్పితే అందరి కళ్లూ క్వార్టర్‌బ్యాక్ మీదే పడతాయి. అప్పుడు అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోతారు. ‘కుర్రవాడికి సత్తా లేదు’ అనేది ఒక వాదం, ‘కోచ్‌కు నేర్పడం రాదు’ అనేది మరొకటి.

ఉదాహరణ: జో బరో

లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం 2018లో 13 ఆటల్లో 10 గెలిచినా, జో బరో విసిరిన ప్రతి వంద బంతుల్లో దాదాపు 58 మాత్రమే తోటివారికి చేరాయి. టచ్‌డౌన్ పాస్‌లు 16. మరుసటి ఏడాది అవి 60 అయ్యాయి, వందకు 76 బంతులు చేరాయి. జట్టు 15 ఆటలూ గెలిచింది, బరోకు హైస్‌మన్ ట్రోఫీ దక్కింది.

ఆటగాడు అతడే, ప్రధాన శిక్షకుడు ఎడ్ ఒర్జెరాన్ కూడా మారలేదు. మరి మారినదేమిటి? జో బ్రేడీ అనే కొత్త శిక్షకుడు వచ్చి పాస్‌ల పద్ధతిని మార్చాడు. జమార్ చేస్, జస్టిన్ జెఫర్సన్ అనే రిసీవర్లు రాటుదేలారు. వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బరోకు ఇది ఆ జట్టులో రెండో ఏడు. 2020 నాటికి ఈ నలుగురూ జట్టులో లేరు. ఒర్జెరాన్ ఉన్నాడు, కాని జట్టు 10 ఆటల్లో 5 ఓడింది. అన్నీ ఒకేసారి మారినప్పుడు ఏ ఒక్కరికీ పూర్తి ఘనతగాని, పూర్తి నిందగాని కట్టబెట్టలేమని గ్రహించండి.

కెల్లీ మూడు ప్రశ్నలు

తీర్పుకు ముందు మూడు విషయాలు చూడాలని హెరాల్డ్ కెల్లీ 1967లో ప్రతిపాదించాడు.

1. సమ్మతి: అదే కోచ్ దగ్గర ఇతర క్వార్టర్‌బ్యాక్‌లూ తడబడ్డారా? అయితే కారణాన్ని శిక్షణలో వెదకాలి.
2. విశిష్టత: అతడు అన్నిటా తడబడుతున్నాడా, ఒక రకం ఎత్తుగడలోనేనా? ఒకదానిలోనే అయితే అది అతనికి సరిపడకపోవచ్చు.
3. స్థిరత: ప్రతి వారమూ ఇంతేనా? ఒక్కసారే అయితే గాయం, వాన వంటి తాత్కాలిక కారణాలను చూడాలి.

పరిస్థితిని తక్కువగా, వ్యక్తి స్వభావాన్ని ఎక్కువగా లెక్కించే పొరపాటును లీ రాస్ 1977లో ‘మౌలిక ఆపాదన దోషం’ అన్నాడు. పై రెండు వర్గాలూ ఈ దోషంలో పడవచ్చు. ఒకరు ఆటగాణ్ణి, మరొకరు కోచ్‌ను వేలెత్తి చూపుతారు. పరిస్థితిని ఎవరూ చూడరు. తీర్పు పొందేది ఇరవై ఏళ్ల విద్యార్థి కావచ్చునని మరువరాదు. పరీక్ష తప్పిన విద్యార్థి విషయంలోనూ, అది మీరే అయినా, ఈ ప్రశ్నలే వేయాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

బరో 2018 ఆటను మాత్రమే చూసి తీర్పు చెబితే ఏ దోషం జరిగేది? అయిదు వాక్యాల్లో వివరించండి.