ఫైళ్లకు నామకరణము

ఒక ఉన్నత పాఠశాలలోని కంప్యూటరు గదిలో ఒక బాలుడు స్వాతంత్ర్య దినోత్సవమును గూర్చి వ్యాసము టైపు చేసి భద్రపరచెను. పిదప ఆ ఫైలునకు 'స్వాతంత్ర్య దినోత్సవము 15/8' అని పేరు మార్చబోయెను. నోటు పుస్తకములో తేదీని అతడు ఎల్లప్పుడును అట్లే వ్రాయును. కాని 15 తరువాత ఏటవాలు గీతను నొక్కినంతనే యంత్రము అడ్డుపడెను. ఫైలు పేరులో తొమ్మిది గుర్తులు ఉండరాదని తెలుపుచు వాటిని వరుసగా చూపెను. అవి కుడివైపునకును ఎడమవైపునకును వాలిన రెండు గీతలు, న్యూనబిందువు, నక్షత్రపు గుర్తు, ప్రశ్నార్థకము, కొటేషను గుర్తు, కోణాకారముగా నుండు రెండు గుర్తులు, నిలువు గీత. బాలుడు గీతకు బదులు అడ్డగీత పెట్టి '15-8' అని వ్రాసి ఊరకుండెను. ఆ తొమ్మిదింటి మీదనే నిషేధమేల? వాటిలో ప్రతి గుర్తును అంతకుముందే వేరొక కొలువులో కుదిరి యున్నది. ఆ కొలువుల కథయే ఈ నియమముల కథ.

కంప్యూటరులో వ్రాసినది, గీచినది, పాడినది ఏదైనను ఒక ఫైలుగా నిలువ యుండును. ఫైళ్లను చేర్చి ఉంచు అర ఫోల్డరు. ఒక ఫోల్డరులో మరియొక ఫోల్డరు, దానిలో ఇంకొకటి ఉండవచ్చును. కావున ఒక ఫైలును కనుగొనుటకు దాని పేరొక్కటియే చాలదు. ఊరిలో రామారావులు పదిమంది యుందురు. ఇంటిపేరు ముందు చేర్చి పిలిచిననే ఏ రామారావో తెలియును. ఫైలు విషయమును అట్టిదే. ముందు పెద్ద ఫోల్డరు పేరు, తరువాత అందులోని చిన్న ఫోల్డరు పేరు, చివర ఫైలు పేరు. ఈ పేర్ల నడుమ ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయుటకు ఒక గుర్తు కావలెను. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు ఆరంభించిన యూనిక్స్ అను ఆపరేటింగు సిస్టములో ఏటవాలు గీతను ఈ పనికి నియమించిరి. అందుచేత '15/8' అని వ్రాసినచో యంత్రమునకు తేదీ కనబడదు. '15 అను ఫోల్డరులోని 8 అను ఫైలు' అని తోచును. ఇంటిపేరునకును సొంతపేరునకును నడుమ ఉండవలసిన ఎడమును సొంతపేరులోనే ఇరికించినచో ఎంత గందరగోళమో ఇదియు అంతే.

యూనిక్స్ ఈ విషయమున మిక్కిలి ఉదారమైనది. పేరులో ఏటవాలు గీతయు, సున్న విలువగల బైటును తప్ప మరి దేనిని ఉంచినను అది కాదనదు. ఈ ఔదార్యము ఒక్కొక్కప్పుడు ప్రమాదమునకు దారితీయును. ఆజ్ఞలను టైపు చేయునప్పుడు నక్షత్రపు గుర్తునకు 'ఏ పేరైనను' అని అర్థము. ఎవరో పొరపాటున ఒక ఫైలునకు ఆ గుర్తునే పేరుగా పెట్టిరనుకొందము. యూనిక్స్ అందులకు అడ్డు చెప్పదు. తరువాత ఆ ఒక్క ఫైలును తుడిచివేయదలచి, తుడుపు ఆజ్ఞ ప్రక్కన దాని పేరు వ్రాసినచో, ఆ ఫోల్డరులో ఉన్న ఫైళ్లన్నియు తుడిచిపెట్టుకొని పోవును. యంత్రము తప్పు చేయలేదు, చెప్పినట్లే చేసినది. విండోస్ పేరులో నక్షత్రమును, ఒక అక్షరమునకు బదులుగా నిలుచు ప్రశ్నార్థకమును రానీయకపోవుట ఇట్టి నష్టమును తప్పించును. కోణపు గుర్తులు ఒక ప్రోగ్రాము ఫలితమును ఫైలులోనికి మళ్లించుటకును, నిలువు గీత దానిని మరియొక ప్రోగ్రామునకు అందించుటకును, కొటేషను గుర్తు ఖాళీలున్న పేరును ఒక్కటిగా పట్టి యుంచుటకును పనిచేయుచున్నవి. న్యూనబిందువు డిస్కు పేరు చివర నిలుచును.

ఇక వెనుకకు వాలిన గీత మాట. 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరుతో పాటు మైక్రోసాఫ్టు వారి డాస్ వెలువడినప్పుడు అందులో ఫోల్డర్లే లేవు. ఆనాటి ఒక ఫ్లాపీ డిస్కులో 160 కిలోబైట్లు మాత్రమే పట్టును. నేటి సెల్ ఫోనుతో తీసిన ఒక్క ఫోటో కూడ సాధారణముగా అందులో ఇమడదు. అంత చిన్న పెట్టెలో అరలెందులకు? 1983లో డాస్ రెండవ రూపము వచ్చునప్పటికి పెద్ద డిస్కులు వచ్చెను, ఫోల్డర్లు అవసరమయ్యెను. యూనిక్స్ వలె ఏటవాలు గీతనే వాడుకొనవచ్చును గాని, ఆజ్ఞలకు షరతులు చేర్చుటకు డాస్ దానిని అంతకుముందే వినియోగించుచుండెను. అందుచే వెనుకకు వాలిన గీతను తెచ్చి పెట్టిరి. నాటి ఆ సర్దుబాటు నేటికిని విండోసులో నిలిచియున్నది. లోలోపల విండోస్ రెండు గీతలను విభజన చిహ్నములుగా గుర్తించును. కావున రెండును నిషిద్ధములే.

గుర్తులే గాక కొన్ని మాటలు కూడ నిషిద్ధములు. విండోసులో ఆంగ్లాక్షరములతో 'కాన్' అని ఫోల్డరునకు పేరు పెట్టుటకు వీలుపడదు. ఈ వింతను కనుగొన్నవాడొక భారతీయుడనియు, మైక్రోసాఫ్టు వారందరు కలిసియు దీనికి కారణము చెప్పజాలకపోయిరనియు ఒక వదంతి ఈ మెయిలు ద్వారా మన దేశమున చాలకాలము తిరిగెను. వదంతులకు తీరిక యెక్కువ. దీని కారణము ఎన్నడును రహస్యము కాదు. 'కాన్' అనునది 'కన్సోల్' అను మాటకు పొట్టి రూపము. కీబోర్డు, తెర కలిసిన జంటకు ఆ పేరు. డాస్ లో పరికరములను కూడ ఫైళ్ల వలెనే పేరు పెట్టి పిలిచెడివారు. ఒక ఫైలును 'కాన్' అను పేరునకు పంపినచో అది తెరమీద కనబడును, 'పి.ఆర్.ఎన్.' అను పేరునకు పంపినచో ప్రింటరు మీద అచ్చగును. 'నల్' అను పేరునకు పంపినచో ఎక్కడికిని పోక మాయమగును. మొదట ఫోల్డర్లు లేవు గనుక ఈ పేర్లు డిస్కు అంతటను చెల్లుబడి అయ్యెడివి. ఫోల్డర్లు వచ్చిన పిదప పాత ప్రోగ్రాములు చెడిపోకుండుటకై ప్రతి ఫోల్డరులోను వీటిని చెల్లనిచ్చిరి. ఇంటికి అతిథులు వచ్చుట మానినను వారి పీటను కదల్చకుండుట వంటిది ఈ ఏర్పాటు.

పేరు నిడివికి కూడ ఒక చరిత్ర కలదు. గ్యారీ కిల్డాల్ 1974లో రూపొందించిన సి.పి.ఎం. అను సిస్టములో ఫైలు పేరునకు ఎనిమిది అక్షరములు, చుక్క తరువాత మూడు అక్షరములు మాత్రమే చెల్లును. డాస్ ఆ పద్ధతినే అనుసరించెను. డిస్కు మీద ఒక్కొక్క ఫైలు వివరములకు 32 బైట్లు కేటాయింపగా, అందులో పేరునకు దక్కినవి 11. ఆంగ్లాక్షరములతో వ్రాసినప్పుడు వరంగల్లునకు ఎనిమిది అక్షరములు, సరిగా ఇమిడెను. హైదరాబాదునకు తొమ్మిది, తోక తెగిపోయెను. ఆంధ్రప్రదేశ్ పదమూడు అక్షరములు గనుక దానిని 'ఆంధ్రప్ర్' దగ్గరనే ఆపవలసి వచ్చెడిది. గుమాస్తాలు తమకు తోచిన పొట్టి పేర్లు పెట్టుకొని, ఆరునెలల తరువాత ఏది దేనికి పెట్టినదో తెలియక ఒక్కొక్క ఫైలును తెరచి చూచుకొనెడివారు. 1995లో విండోస్ 95 రాకతో సామాన్యులకు 255 అక్షరముల వరకు పేరు పెట్టుకొను స్వేచ్ఛ లభించెను. అయినను ఫోల్డర్ల పేర్లన్నియు కలిపిన మొత్తము నిడివికి 260 అను హద్దు మిగిలి యుండెను. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఫోల్డరు చొప్పున లోతుగా పోయినవారికి ఇది ఒకనాడు అడ్డు తగులును. 2016లో విండోస్ 10 నందు ఈ హద్దును తీసివేయు వీలు కల్పించిరి గాని, అది తనంతట రాదు, కోరి అమర్చుకొనవలెను.

చుక్క తరువాత వచ్చు మూడు నాలుగు అక్షరములను ఎక్స్‌టెన్షన్ అందురు. ఆ ఫైలులో ఏ జాతి సరుకు కలదో అది తెలుపును. బస్తా మీద వ్రాసిన 'బియ్యము', 'మిరప' అను గుర్తుల వంటిదది. మిరపకాయల బస్తా మీద బియ్యమని వ్రాసినంత మాత్రమున అన్నము వండుకొనలేము. అట్లే బొమ్మ ఫైలు చివరి అక్షరములను మార్చి పాట ఫైలుగా చేయుట సాధ్యము కాదు. యంత్రము దానిని పాటల ప్రోగ్రాముతో తెరువబోయి చిక్కుపడును.

ఈ మూడక్షరములను విండోస్ సాధారణముగా చూపకుండ దాచును. చూచువారికి పేరు శుభ్రముగా కనబడుటకై చేసిన ఈ ఏర్పాటు ఒకసారి లోకమునకు గొప్ప నష్టమును తెచ్చిపెట్టెను. 2000వ సంవత్సరము మే నెలలో ఫిలిప్పైన్సు దేశమున బయలుదేరిన ఒక ఈ మెయిలు జాబునకు జతగా 'నీకొక ప్రేమలేఖ' అను అర్థము వచ్చు పేరుగల ఫైలొకటి వచ్చెను. ఆ పేరు చివర రెండు ఎక్స్‌టెన్షన్లు వరుసగా నుండెను. మొదటిది 'టి.ఎక్స్.టి.', అనగా మామూలు వ్రాత. రెండవది 'వి.బి.ఎస్.', అనగా నడువగల ప్రోగ్రాము. విండోస్ చివరిదానిని దాచుటచే చూచినవారికి మొదటిది మాత్రమే కనబడి, అది చదువుకొను ఉత్తరమని తోచెను. తెరచినవారి కంప్యూటరులోని బొమ్మలు మొదలగు ఫైళ్లను అది పాడుచేసి, వారి చిరునామాల పట్టికలో ఉన్నవారందరికిని తన్ను తాను పంపుకొనెను. తెలిసినవారినుండి వచ్చినది గదా యని వారును తెరచిరి. కొలది గంటలలో అది ఖండములు దాటెను. బ్రిటిషు పార్లమెంటువారు తమ ఈ మెయిలును కొంతసేపు నిలిపివేయవలసి వచ్చెను. ఎక్స్‌టెన్షన్లు కనబడునట్లు విండోసులో అమర్చుకొనుటకు ఒక నిమిషము పట్టదు. అయినను ఆ పని చేసినవారు నేటికిని తక్కువే.

ఆంగ్లములో పెద్దబడి, చిన్నబడి అక్షరములు కలవు. యూనిక్స్, దాని పోలికతో పుట్టిన లినక్స్ ఈ రెండింటిని వేరు వేరు అక్షరములుగా ఎంచును. విండోస్ సాధారణముగా ఒకటిగా ఎంచును. విండోసులో తయారుచేసిన వెబ్‌సైటును లినక్స్ యంత్రమునకు చేర్చగానే కొన్ని బొమ్మలు కనబడకపోవుట తరచుగా జరుగుచుండును. పేరులో ఒక అక్షరము ఒకచోట పెద్దబడి, మరొకచోట చిన్నబడి అయి యుండుటయే అందులకు కారణము.

తెలుగులో ఈ చిక్కు లేదు గాని వేరొకటి కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి రూపములోనే తెలుగు లిపికి చోటు దొరకెను. అందుచే నేడు ఫైలునకు తెలుగున పేరు పెట్టుట సులభము. లినక్స్ వంటి సిస్టములలో వాడు యూ.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు సంకేతమునకు మూడు కావలెను. అదియును కన్ను చూచు అక్షరమునకు కాదు, దానిలోని ఒక్కొక్క సంకేతమునకు. 'స్త్రీ' అనునది మనకు ఒక అక్షరము. యంత్రమునకు సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము కలిసి ఆరు సంకేతములు, 18 బైట్లు. లినక్సులో సాధారణముగా పేరునకు హద్దు 255 బైట్లు గనుక తెలుగు పేరున 85 సంకేతములకు మించి పట్టవు. విండోసులో లెక్క వేరు. అక్కడ తెలుగు సంకేతము కూడ ఒకటిగానే లెక్కకు వచ్చును. ఒక యంత్రములో చక్కగా ఇమిడిన పొడవైన తెలుగు పేరు మరియొక దానిలో ఇమడకపోవుటకు ఇది కారణము. ఐత్వమునకు మరియొక వింత కలదు. దానిని ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వము, దాని క్రింది గుర్తు అను రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. 'రైలు' అను పేరుతో రెండు ఫైళ్లు లినక్సులో ఒకే ఫోల్డరున ప్రక్క ప్రక్కన ఉండగలవు. కన్ను వాటి భేదమును కనుగొనలేదు.

నియమము కాకపోయినను పేరు పెట్టువాడు గమనింపవలసినది వరుస. యంత్రము పేర్లను అకారాది క్రమమున నిలుపును. నెలల పేర్లతో ఫైళ్లు పెట్టినచో అక్టోబరు, ఆగస్టు, ఏప్రిల్ ముందు నిలుచును. డిసెంబరు ఫిబ్రవరికంటె ముందు వచ్చును. అంకెలు వేసినను కొన్ని సిస్టములలో 1 తరువాత 10 వచ్చి, 2 దాని వెనుక నిలుచును. 01, 02 అని వ్రాసిన ఈ తప్పు జరుగదు. తేదీని వ్రాయుటకు మొదట సంవత్సరము, పిదప నెల, చివర దినము అను క్రమమును అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ 1988లో ఐ.ఎస్.ఓ. 8601 అను సంఖ్యతో ప్రకటించెను. ఈ క్రమమున అకారాది వరుసయు కాలపు వరుసయు ఒకటే యగును. ఆ బాలుడు తన వ్యాసమునకు '2025-08-15 స్వాతంత్ర్య దినోత్సవము' అని పేరు పెట్టియున్నచో ఏటవాలు గీతతో పని లేకపోయెడిది. మరుసటి యేటి వ్యాసము కూడ తనంతట దాని క్రిందికి వచ్చి నిలిచెడిది.