అమెరికా విమానం: కిలోమీటర్లు పెరిగినా గంటలు ఎందుకు తగ్గుతాయి?

అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ముందుగా అడిగే మాట.. 'ఎన్ని గంటలు కూర్చోవాలి?' ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దూరం ఆన్‌లైన్‌లో వెతికితే సుమారు 12,400 కిలోమీటర్లని వస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 14 గంటల లోపే. కానీ ఈ లెక్కను నమ్ముకుని కనెక్టింగ్ విమానం బుక్ చేసుకోవద్దు.

ఆ అంకె గుండ్రటి భూమిపై రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిది. గ్లోబు మీద రెండు చోట్ల మధ్య దారం బిగించి చూడండి, అది సైబీరియా, ఆర్కిటిక్ మీదుగా పోతుంది. విమానం మాత్రం గాలిని, తెరిచి ఉన్న గగనతలాన్ని చూసుకుని దారి మార్చుకుంటుంది.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ రూటునే మార్చింది. అప్పటిదాకా అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లే విమానాన్ని పసిఫిక్ మీదుగా తిప్పింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, అంటే దాదాపు రెండు గంటలు ముందే!

కారణం జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే గాలి ఇది. తూర్పుకు వెళ్తే వెనక నుంచి తోస్తుంది, పడమరకు వెళ్తే ఎదురొస్తుంది. ('భూమి తిరుగుతోంది కాబట్టి' అని చాలామంది చెప్పే కారణం సరికాదు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది.) గాలి చలికాలంలో మరింత బలంగా ఉంటుంది కాబట్టి ఒకే రూటులోనూ సమయం మారుతుంది.

గగనతలం మూసేస్తే గాలి కలిసొచ్చినా లాభం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు దారి మూసేశాక, ఉత్తర అమెరికా వెళ్లే కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు ఇంధనం కోసం మధ్యలో వియన్నా వంటి చోట్ల దిగాల్సి వచ్చింది.

కాబట్టి టికెట్‌లో 'డ్యూరేషన్' అని ఉన్నదే చూడండి. బయల్దేరే, దిగే సమయాలు ఎక్కడివక్కడి స్థానిక సమయాలు. శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. అందుకే వేసవిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4కు ఎక్కి 14.30 గంటలు ప్రయాణిస్తే, అక్కడ అదే తేదీ ఉదయం 6కే దిగుతారు. తిరుగు ప్రయాణంలో మాత్రం తేదీ మారుతుంది. టికెట్‌పై '+1' అని ఉంటే మర్నాడని అర్థం.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విడిగా టికెట్ కొంటే ఇంకాస్త జాగ్రత్త. రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా సాధారణంగా ఎయిర్‌లైనే మరో విమానం చూస్తుంది. వేర్వేరు పీఎన్‌ఆర్‌లైతే ఆ ఖర్చు మీ మీదే పడొచ్చు. ఇంకొకటి, టికెట్‌పై 12వ తేదీ రాత్రి 2 గంటలని ఉంటే, మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 11వ తేదీ రాత్రికే.