టంకశాల తప్పా, బయటి దెబ్బా?

మా వీధి చివరి కిరాణా కొట్టాయన పోయిన నెల గల్లాపెట్టెలోంచి ఓ పది రూపాయల బిళ్ల తీసి, కాగితంలో చుట్టి మరీ నా చేతిలో పెట్టారు. "ఒక్కసారి చూడండి సార్. నడిమి బిళ్ల తిరగబడి ఉంది. ఇలాంటిది రెండు లక్షలు పలుకుతుందని ఫోన్లో చూపిస్తున్నారు." నిజమే, సింహాలు ఉండాల్సిన వైపు లేవు, వెనక వైపుకు వెళ్లి కూర్చున్నాయి. ఆయన ముఖంలో ఆశ చూశాక కాదని చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పక తప్పదు. ఎందుకు కాదో కూడా చెప్పాలి.

నాణెం పుట్టుక తెలిస్తే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. లోహపు రేకులోంచి యంత్రం గుండ్రటి బిళ్లలు కత్తిరిస్తుంది. వాటిని కాల్చి మెత్తబరుస్తారు. అంచులు నొక్కి సన్నటి గట్టు లేపుతారు. ఆ నున్నటి బిళ్ల రెండు అచ్చుల మధ్య, చుట్టూ ఉక్కు కట్టుతో కూర్చుంటుంది. ఒక్క దెబ్బ. బొమ్మా బొరుసూ ఒకేసారి పడతాయి. నాణెం పుట్టినట్టే. ఆ తర్వాత దానికి ఏం జరిగినా అది గాయం కిందే లెక్క. అందుకే ఏ వింత బిళ్ల చేతికొచ్చినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఇది ఏ మెట్టు దగ్గర జరిగి ఉంటుంది?

కొట్టాయన బిళ్లనే తీసుకుందాం. పది రూపాయల నాణెంలో బయటి కంకణం, నడిమి బిళ్ల రెండూ ఏ ముద్రా లేకుండానే యంత్రం దగ్గరికి వస్తాయి. ముద్ర వేసే దెబ్బే రెండింటినీ ఒకటిగా బిగిస్తుంది. అలాంటప్పుడు ముద్ర పూర్తిగా పడిన నడిమి బిళ్ల టంకశాలలో తిరగబడడానికి వీల్లేదు. ఎవరో ఊడగొట్టి, తిప్పి, మళ్లీ బిగించారు. భూతద్దం పెడితే అతుకు చుట్టూ గీతలు, ఒకచోట నలిగిన అంచు కనిపించాయి. నిజమైన తప్పులో నడిమి బిళ్ల పక్కకు జరిగి ఉంటుంది. అప్పుడు కూడా దాని మీది ముద్ర ఎక్కడా తెగకుండా కంకణం మీదికి సాగుతుంది.

అంచు కొరికినట్టున్న నాణేలు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. కత్తిరించే చోట రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే, అంతకుముందు పడిన రంధ్రం మీదికి కత్తెర మళ్లీ దిగుతుంది. బిళ్ల చంద్రవంకలా కొంత పోగొట్టుకుని పుడుతుంది. దీన్ని ఆకురాయితో అరగదీసిన దాన్నుంచి వేరుచేయాలంటే కొరికిన చోటు కన్నా దానికి సరిగ్గా ఎదురంచు చూడాలి. గట్టు లేపే యంత్రం బిళ్లను రెండు పక్కల నుంచీ నొక్కుతుంది. ఒక పక్క లోహమే లేకపోతే ఎదుటి పక్క ఒత్తిడి అందదు, అక్కడ గట్టు పల్చగా మిగులుతుంది. కొరికిన చోట అక్షరాలు కూడా సాగి, క్రమంగా మాసిపోయినట్టుంటాయి. ఆకురాయి పెట్టిన నాణెంలో అక్షరం కత్తితో కోసినట్టు తెగుతుంది, ఎదురంచు నిక్షేపంగా ఉంటుంది.

అక్షరాలు జంటగా కనిపించే నాణేల దగ్గర తెలిసినవాళ్లు కూడా తడబడతారు. దీనికి పేరుపడ్డ ఉదాహరణ అమెరికాలో 1955లో ఫిలడెల్ఫియా టంకశాల వేసిన సెంటు. అచ్చు తయారుచేసేటప్పుడే దాని మీద బొమ్మ రెండుసార్లు, కొంచెం పక్కకు జరిగి పడింది. ఆ అచ్చు కొట్టిన ప్రతి నాణెం మీదా సంవత్సరం, అక్షరాలు జంటగా వచ్చాయి. తప్పు తెలిసేసరికి 20 వేలకు పైగా మంచి నాణేలతో కలిసి బయటికి వెళ్లిపోయాయి. అప్పట్లో 23 సెంట్ల సిగరెట్ పెట్టెను యంత్రంలో పావు డాలరు వేసి కొనేవారు. మిగతా రెండు సెంట్లు పెట్టె మీది పల్చటి కాగితంలోనే దూర్చి ఇచ్చేవారు. చాలామందికి ఈ జంట అక్షరాల సెంటు అలా దొరికింది. ఈనాడు దాని ధర వెయ్యి డాలర్ల పైమాటే. అదే 1955లో అరిగిపోయిన అచ్చుతో కొట్టిన సెంట్ల మీద చివరి 5 అంకె మాత్రం కాస్త జంటగా కనిపిస్తుంది. వాటిని 'పేదవాడి జంట అచ్చు' అంటారు, ధర కొద్ది డాలర్లే.

అచ్చులోనే జంట ఉంటే అక్షరం లావెక్కుతుంది, మూలల్లో చిన్న చీలిక కనిపిస్తుంది. దెబ్బ పడ్డాక అచ్చు అదిరితే అక్షరం పక్క చెక్కుకుపోయి, బల్లపరుపు మెట్టులా మారుతుంది, అక్షరం సన్నబడుతుంది. ఈ రెండోది ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది, దానికి విలువ లేదు.

అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తెచ్చిన సెంట్లు మన ఇళ్లలో డబ్బాల్లో పడి ఉంటాయి. వాటిని పుస్తకం పేజీలా పక్కకు తిప్పితే వెనక బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. ఇంకేముంది, పెద్ద తప్పు దొరికిందనుకుంటారు. అక్కడి నాణేల తీరే అంత, కింది నుంచి పైకి తిప్పితే బొమ్మ నిలువుగా వస్తుంది. మన రూపాయిని మాత్రం పేజీలా పక్కకే తిప్పాలి. అలా తిప్పినా తలకిందులుగా ఉంటే అప్పుడు ఆగి చూడండి.

సంవత్సరం కింద టంకశాల గుర్తు లేదని కూడా కంగారుపడొద్దు. హైదరాబాద్ నాణేల మీద చుక్క, అంటే నక్షత్రం, ముంబై వాటి మీద వజ్రం, నోయిడా వాటి మీద బొట్టు ఉంటాయి. కోల్‌కతా అసలు ఏ గుర్తూ వేయదు.

బంగారు రంగు రూపాయి తెచ్చి "వేరే లోహం" అనేవాళ్లకు అయస్కాంతం చాలు. 1992 నుంచి వచ్చిన 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయి 4.85 గ్రాములుంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. పసుపు రంగులో ఉండి కూడా అంటుకుంటే పైన పూత పూశారనే. అమెరికాలో 1943 సెంట్లతో జరిగిందీ ఇదే. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడాది సెంట్లను జింకు పూత పూసిన ఉక్కుతో కొట్టారు. పాత కంచు బిళ్లలు కొన్ని యంత్రాల్లో మిగిలిపోయి, వాటి మీద కూడా 1943 ముద్ర పడింది. అవి అతి అరుదు. దాంతో ఉక్కు సెంట్లకు రాగి పూత పూసి అమ్మేవాళ్లు బయల్దేరారు, అయస్కాంతం వాళ్లను పట్టిస్తుంది. 1948 సెంటులో ఎనిమిదిని చెక్కి మూడు చేసేవాళ్లను మాత్రం అయస్కాంతం పట్టుకోలేదు. అక్కడ మూడు అంకె తోక ఎంత కిందికి దిగిందో చూడాలి.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. నిజమైన తప్పు నాణెం దొరికితే చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, ధర పోతుంది. ముందు కొంత రుసుము కట్టమనేవాళ్లకు రూపాయి కూడా పంపకండి. తన పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. పాత నాణేల వ్యవహారాల్లో తాను లేనని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని కూడా చెప్పింది.

ఇదంతా విన్న కొట్టాయన వారం తర్వాత మళ్లీ పిలిచారు. ఈసారి కాగితంలో అంచు కొరికిన స్టీలు రూపాయి ఉంది. నేను భూతద్దం తీసేలోపే, "ఎదురంచు చూశాను సార్, పల్చగానే ఉంది" అన్నారు. చూస్తే ఆయన మాటే సరి. కొరికిన వంపు దగ్గర అక్షరాలు సాగి ఉన్నాయి. కొన్ని వందలు రావొచ్చన్నాను. అమ్మనన్నారు. మళ్లీ అదే కాగితంలో చుట్టి, గల్లాపెట్టె అడుగున పెట్టుకున్నారు.