అంతా బాగానే ఉన్నాం... నిజమేనా?

మా అమ్మాయి కాలేజీ వాళ్లతో ఢిల్లీ, ఆగ్రా టూరు వెళ్లింది. మూడో రోజే మా అత్తగారు పెరట్లో జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగి కట్టు వేశారు. రాత్రి ఫోన్ చేసి "నానమ్మేం చేస్తోంది?" అనడిగితే "పడుకుందే" అనేశాను. సరదాగా తిరుగుతున్న పిల్లకి దిగులెందుకని!

మర్నాడు మా ఆడపడుచు చెప్పేసింది. తాజ్‌మహల్ ముందు నిలబడి ఏడ్చిందట పిచ్చిది. "చెయ్యి విరిగినందుకు కాదమ్మా! ఇక నువ్వు బాగున్నాం అన్నా నమ్మలేను, అందుకు" అంది. నాకు నోట మాట రాలేదు.

మన అమ్మలు ఇన్లాండు లెటర్లో "ఇచ్చట అందరం క్షేమం" అని మొదలుపెట్టి, కష్టాన్ని చివర్లో ఇరికించేవారు. ఉత్తరం చేరేసరికి జ్వరమూ తగ్గిపోయేది. టెలిగ్రామ్ వస్తే మాత్రం విప్పకముందే ఏడుపులు! ఆ టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది. ఇప్పుడు కబురు క్షణాల్లో చేరుతుంది. మనం దాచినా, ఇంకొకరి నోట చిలవలు పలవలుగా చేరుతుంది.

అందుకే చెడ్డ కబురైనా ముందు మనమే చెప్పాలి. పిల్ల రోడ్డు మీదుందో, గదిలో ఉందో కనుక్కుని నెమ్మదిగా చెప్పాలి. ఏం జరిగింది, డాక్టరేమన్నారు, ఎవరు చూసుకుంటున్నారు, తను రావాలా అక్కర్లేదా - ఈ నాలుగూ చాలు. వీలైతే ఆ మనిషి చేతే మాట్లాడించాలి.

ఆ రాత్రి అత్తగారికే ఫోనిచ్చాను. "ఆగ్రా పేఠా తేవే. నా కుడిచేతికి కట్టుంది, నువ్వే తినిపించాలి" అన్నారు. అవతల పిల్ల నవ్వింది. అప్పుడుగానీ నాకు ముద్ద దిగలేదు.