అరుంధతి కనబడని ఊళ్లు

రాత్రి ముహూర్తమైతే పురోహితుడు కొత్త జంటను ఆరుబయటికి తీసుకొచ్చి, ఉత్తరం వైపు వేలు చూపి, అరుంధతిని చూడమంటాడు. కరీంనగర్ ఫంక్షన్ హాళ్లలో ఆ వేలు చూపిన వైపు ఇప్పుడు ఫోకస్ లైట్లే ఉంటున్నాయి. మన ఆకాశం ఎంత పాడైందో కొలవడానికి అరుంధతిని మించిన సాధనం లేదు. సప్తర్షి మండలం తోకలో చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాని ప్రకాశ తరగతి 2.2. పక్కనే ఉన్న అరుంధతిది 4. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. అసలైన చీకట్లో మామూలు కంటికి 6వ తరగతి దాకా అందుతుంది, నగరం నడిబొడ్డున ఆ హద్దు 4 దగ్గరే ఆగిపోతుంది. వశిష్ఠుడు మిగులుతాడు, అరుంధతి పోతుంది. మొత్తం ఆకాశంలో 6వ తరగతి దాకా సుమారు 5,000 నక్షత్రాలుంటే, 4 దాకా ఉన్నవి 500 మాత్రమే.

ఈ నష్టానికి కారణం దీపాలు ఉండటం కాదు, వాటి వెలుగు పైకి పోవడం. పైకి పోయిన కాంతి గాలి అణువులకు, ధూళికి తగిలి చెదిరి మళ్లీ మన కంట్లోకే వస్తుంది. రామగుండం, గోదావరిఖని వైపు ఓపెన్‌కాస్ట్ గనుల ఫ్లడ్‌లైట్లకు ధూళి కూడా తోడవుతుంది. పైగా నీలికాంతి ఎక్కువగా చెదురుతుంది. తెల్లటి ఎల్‌ఈడీలో బలంగా ఉండే 450 నానోమీటర్ల నీలం, పాత సోడియం దీపపు 589 నానోమీటర్ల పసుపు కంటే గాలిలో సుమారు మూడు రెట్లు చెదురుతుంది. కరెంటు ఆదా చేసే దీపం కనుక ఎల్‌ఈడీని వద్దనలేం. పైన మూత లేకుండా, చల్లని తెలుపులో బిగించడమే తప్పు.

ఫొటో తీసేవారి కష్టం ఇంకొకటి. డాబా మీద ట్రైపాడ్ నిలిపి ఇరవై సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే ఫ్రేమంతా తెల్లబారి వస్తుంది. ఆ తెలుపును సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు కదా అంటారు. సగటును తీసేయొచ్చు, ఊగిసలాటను తీయలేం. ఒక పిక్సెల్‌లో ఆకాశపు ఫోటాన్లు సగటున 10,000 పడితే, ఒక్కో ఫ్రేములో అది సుమారు 100 అటూ ఇటూ మారుతుంది. దేవయాని గెలాక్సీ అంచు నుంచి వచ్చేవి ఆ 100 కన్నా తక్కువైతే అందులోనే మునిగిపోతాయి. ఫ్రేములు పేర్చుకుంటూ పోతే తేలతాయి, కానీ ఆకాశం పది రెట్లు వెలిగితే పది రెట్ల సమయం కావాలి. గంటలో వచ్చే ఫొటోకు పది గంటలు! హైడ్రోజన్ ఇచ్చే 656 నానోమీటర్ల ఎరుపును మాత్రమే వదిలే ఫిల్టర్ ఓరియన్ నెబ్యులాకు చక్కగా పనిచేస్తుంది. గెలాక్సీల కాంతి అన్ని రంగుల్లోనూ పరచుకుని ఉంటుంది కాబట్టి వాటికి చీకటే మందు.

ఈ చీకటి కోసం మన శాస్త్రవేత్తలు ఊరు వదిలి వెళ్లారు. 1901లో మొదలైన నిజామియా వేధశాల బేగంపేట నుంచి ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను లెక్కగట్టింది. హైదరాబాద్ వెలుగు పెరిగాక, 1960ల చివరలో 48 అంగుళాల టెలిస్కోపును జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య పెట్టారు. ఇప్పుడు నగరం ఆ వైపూ పెరిగింది. పారిపోతూ ఉంటే చీకటి దొరకదు.

2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతోంది, అంటే ఎనిమిదేళ్ల లోపే రెట్టింపు. ఈ లెక్క మామూలు జనం కంటితో చూసి గ్లోబ్ ఎట్ నైట్ కార్యక్రమానికి పంపిన వివరాల నుంచి వచ్చింది. అవి ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికాలవి. మన జగిత్యాల, పెద్దపల్లి బడిపిల్లలు కూడా పంపొచ్చు. ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టకుండా చీకట్లో ఉంటే చాలు, కన్ను సిద్ధమవుతుంది.

ఆదిలాబాద్ నుంచి నాగపూర్ మీదుగా ఉత్తరానికి పోయే 44వ జాతీయ రహదారిలోనే పెంచ్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడి పల్లెల్లో వీధి దీపాలను నేలవైపు తిప్పారు. 2024 జనవరిలో మహారాష్ట్ర వైపున్న పెంచ్‌కు భారతదేశపు తొలి డార్క్ స్కై పార్కుగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2012 నుంచి పులుల అభయారణ్యంగా ఉన్న మన కవ్వాల్‌కూ అడవి ఉంది, చీకటి ఉంది. జన్నారం చుట్టుపక్కల దీపాలకు మూతలు పెట్టించి, ఆ గుర్తింపు కోసం అటవీశాఖ ఇప్పుడే దరఖాస్తు చేయాలి.